రెండు సున్నాలు ఎదురుపడాలంటే

బాక్సర్ చరిత్ర అంతా రెండంకెల్లో ఇమిడిపోతుంది. 31-0 అంటే 31 పోటీలు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డ్రాలుంటే పక్కన మూడో అంకె చేరుతుంది. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 31-0తో ముహమ్మద్ అలీ, 26-0తో జో ఫ్రేజియర్ ఒకే రింగ్‌లోకి దిగారు. ఫలితం ఏదైనా చెరో 25 లక్షల డాలర్లు. అప్పటికి బాక్సింగ్ కనీవినీ ఎరుగని సొమ్ము అది. రింగ్ పక్కన చోటు కోసం ఎంత గిరాకీ అంటే, గాయకుడు ఫ్రాంక్ సినాట్రా లైఫ్ పత్రికకు ఫోటోలు తీసే పని ఒప్పుకుని అక్కడికి చేరాడు. పదిహేనో రౌండ్‌లో ఫ్రేజియర్ ఎడమ హుక్‌కు అలీ వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు కానీ, రెఫరీ, ఇద్దరు జడ్జీలు ముగ్గురూ ఫ్రేజియర్ వైపే మొగ్గారు. రెండు సున్నాల్లో ఒకటి అక్కడితో చెరిగిపోయింది.

“వీళ్లిద్దరికీ పడితే ఎలా ఉంటుంది?” అని అభిమానులు ఏళ్లతరబడి వాదించుకునే జంటలు బాక్సింగ్‌లో ఎప్పుడూ ఉంటాయి. అందులో జరిగేవి తక్కువ, సమయానికి జరిగేవి ఇంకా తక్కువ. దీనికి ప్రమోటర్ల పేరాశ, టీవీ చానళ్ల పంతం, బెల్టుల రాజకీయం అని చాలా కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. అయితే అసలు అడ్డంకి రికార్డులో కుడివైపున్న ఆ సున్నానే అని నా అభిప్రాయం. ఓటమి ఎరుగని మొనగాడంటేనే జనం డబ్బు పెడతారు. ఆ పేరు ఉన్నంతకాలం చిన్న పోటీలతోనే అతనికి పెద్ద పర్సు వస్తుంది. ఇక దాన్ని నిజంగా పోగొట్టగలవాడి ముందు నిలబడాల్సిన అవసరం అతనికేముంది? క్రికెట్‌లో ఒక మ్యాచ్ పోతే వారంలో ఇంకోటి ఉంటుంది. అగ్రశ్రేణి బాక్సర్ ఏడాదికి ఒకటీ రెండుసార్లకు మించి దిగడు. ఒక్క ఓటమితో రెండేళ్ల సంపాదన లెక్క తారుమారవుతుంది.

మేవెదర్, పాకియావ్‌ల కథ చూస్తే ఈ లెక్క తేటతెల్లమవుతుంది. 2009 ఆఖరులో ఫ్లాయిడ్ మేవెదర్ రికార్డు 40-0, మానీ పాకియావ్‌ది 50-3-2. ఒకరికి 32 ఏళ్లు, మరొకరికి 31. ఆ ఇద్దరికి మించిన వాడు ప్రపంచంలో లేడని అందరూ ఒప్పుకున్న రోజులవి. 2010 మార్చి 13 అని తేదీ అనుకున్నారు, డబ్బు చెరిసగం అనుకున్నారు. చివరికి బేరం తెగింది డబ్బు దగ్గర కాదు, డోపింగ్ రక్తపరీక్ష దగ్గర. పోటీకి 14 రోజుల ముందు దాకా ఎప్పుడైనా రక్తం తీయొచ్చని మేవెదర్ వర్గం పట్టుబట్టింది. 24 రోజుల ముందే ఆపేయాలని పాకియావ్ వర్గం అంది. పది రోజుల తేడా. ఆ పది రోజులు చివరికి ఐదేళ్లయ్యాయి.

ఆ ఐదేళ్లలో జరిగిందేమిటి? మేవెదర్ ఏడు పోటీలు గెలిచి 47-0కు చేరాడు. పాకియావ్ 2012లోనే రెండుసార్లు ఓడాడు. ఆ డిసెంబర్‌లో హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ కొట్టిన ఒక్క కుడిచేతి దెబ్బకు ఆరో రౌండ్‌లో బోర్లా పడి కాసేపు కదల్లేదు. బేరంలో ఎవరి చేయి పైదో దాంతో తేలిపోయింది. చెరిసగం కాస్తా 60-40 అయింది. 2015 మే 2న లాస్ వేగాస్‌లో చివరికి దిగినప్పుడు మేవెదర్‌కు 38, పాకియావ్‌కు 36. పాకియావ్ భుజానికి అప్పటికే గాయం, పోటీ తర్వాత శస్త్రచికిత్స చేయించుకున్నాడు.

డబ్బు మాత్రం ఆలస్యానికి జరిమానా వేయలేదు, పైగా వడ్డీ కట్టింది. అమెరికాలో ఇంట్లో కూర్చుని చూడటానికి దాదాపు 100 డాలర్లు పెడితే 46 లక్షల ఇళ్లు కొన్నాయి. టీవీ అమ్మకాలే 40 కోట్ల డాలర్లు దాటాయి, స్టేడియం టికెట్లు మరో 7.2 కోట్లు. ఇంతకీ ఆ డబ్బుకు జనం ఏం చూశారు? మేవెదర్ 435 పంచ్‌లు విసిరితే 148 తగిలాయి, పాకియావ్ 429 విసిరితే 81 తగిలాయి. ఇద్దరివీ కలిపి 36 నిమిషాల్లో 229. అంటే నిమిషానికి ఆరు చిల్లర. జడ్జీల కార్డులు 118-110, 116-112, 116-112. అందరూ మేవెదర్‌కే ఇచ్చారు. పంచ్ పంచ్‌కూ ఖరీదు కట్టి చూస్తే ఇంత ప్రియమైన పోటీ ఇంకోటి ఉండదేమో. 2010లో జరిగి ఉంటే ఎవరు గెలిచేవారో చెప్పలేను గానీ, నిమిషానికి ఆరు దెబ్బల దగ్గర మాత్రం ఆగేది కాదు.

రింగ్‌లోకి దిగకముందే కాగితం మీద ఎంత తేలిపోతుందో చూడాలంటే ఇంకాస్త వెనక్కి, 1987 ఏప్రిల్ 6కు వెళ్లాలి. మార్విన్ హాగ్లర్, షుగర్ రే లెనర్డ్. అంతకుముందు ఐదేళ్లలో లెనర్డ్ ఆడింది ఒక్క పోటీ. హాగ్లర్ డబ్బు ఎక్కువ అడిగాడు, లెనర్డ్ ఇచ్చాడు. బదులుగా మూడు కోరికలు కోరాడు. పదిహేను రౌండ్లకు బదులు పన్నెండు, గ్లవ్స్ పది ఔన్సులవి, రింగ్ ఇరవై అడుగులది. కదిలి తప్పించుకునేవాడికి పెద్ద రింగ్, దెబ్బ తినేవాడికి మందమైన గ్లవ్స్, ఆట మానేసి ఊపిరి తగ్గినవాడికి తక్కువ రౌండ్లు. మూడూ లెనర్డ్‌కు పనికొచ్చేవే. ఇద్దరు జడ్జీలు లెనర్డ్ అన్నారు, ఒకరు హాగ్లర్ అన్నారు. అందులో రెండు కార్డులు 115-113, చెరొకరికి ఒకటి. ఒక్క రౌండ్ అటూ ఇటూ అయినా కథ మారేది. హాగ్లర్ ఆ తర్వాత మళ్లీ గ్లవ్స్ కట్టుకోలేదు.

బెల్టుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇప్పుడు నాలుగు ప్రధాన సంస్థలున్నాయి: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. బరువు విభాగాలు 17. అంటే ఒక సమయంలో 68 మంది ‘ప్రపంచ చాంపియన్లు’ ఉండే అవకాశం ఉంది. ఇప్పుడైతే నాలుగూ ఒకరి దగ్గర చేరితేనే తిరుగులేని చాంపియన్ అంటారు. హెవీవెయిట్‌లో 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఆ మాట అనిపించుకునేవాడి కోసం పాతికేళ్లు ఆగాల్సి వచ్చింది. 2024 మే 18న రియాద్‌లో 21-0తో ఉన్న ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్, 34-0-1తో ఉన్న టైసన్ ఫ్యూరీని 2-1 తీర్పుతో ఓడించాడు. పాతికేళ్ల నిరీక్షణకు దక్కిన ఆయుష్షు ఆరు వారాలు. తాము చెప్పినవాడితో తలపడాలని ఐబీఎఫ్ పట్టుబట్టింది. ఉసిక్‌కు అప్పటికే ఫ్యూరీతో మరో పోటీ ఒప్పందం ఉంది. జూన్ ఆఖరుకల్లా ఐబీఎఫ్ బెల్టు వదిలేశాడు.

బ్రిటన్ అభిమానులు ఇంతకన్నా ఎక్కువ ఆశపడింది మాత్రం ఫ్యూరీ, ఆంథొనీ జాషువాల పోటీ కోసం. 2021 మే 16న ఫ్యూరీ స్వయంగా వీడియో పెట్టాడు, ఆగస్టు 14న సౌదీలో ఖాయమని. మర్నాడే అమెరికాలో మధ్యవర్తి తీర్పు వచ్చింది: ఫ్యూరీ ముందుగా డియోంటే వైల్డర్‌తో మూడోసారి ఆడాల్సిందే, పాత ఒప్పందంలో అలా ఉంది. ఖాళీ అయిన జాషువా సెప్టెంబర్ 25న ఉసిక్‌తో దిగి ఓడిపోయాడు. తర్వాత ఫ్యూరీ ఆ ఉసిక్ చేతిలోనే రెండుసార్లు ఓడాడు. 2024 సెప్టెంబర్‌లో వెంబ్లీలో డానియెల్ డుబోయా ఐదో రౌండ్‌లో జాషువాను నాకౌట్ చేశాడు. 2025 ముగిసేదాకా ఫ్యూరీ, జాషువా ఎదురుపడలేదు. ఎప్పుడు ఎదురుపడినా ఆ పోటీ 2021 నాటిది మాత్రం కాదు.

ఇంకో బ్రిటిష్ బాకీ ఉంది. 1988 సోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ (అప్పుడు కెనడా తరఫున ఆడాడు) అమెరికాకు చెందిన రిడిక్ బోను రెండో రౌండ్‌లోనే ఆపేశాడు. నాలుగేళ్లకు బో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, లూయిస్‌తో తలపడమని డబ్ల్యూబీసీ చెప్పింది. లండన్‌లో విలేకరుల ముందు బో ఆ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. ఆ పోటీ ఇక జరగలేదు. అంతకు మించి రాయడానికేమీ లేదు.

ఈ ఆలస్యాల కాలంలో నన్ను ఆశ్చర్యపరిచినవాడు టెరెన్స్ క్రాఫర్డ్. 39-0తో ఉండగా 2023 జూలై 29న 28-0 ఉన్న ఎరల్ స్పెన్స్‌తో దిగాడు. మూడుసార్లు కింద పడేసి తొమ్మిదో రౌండ్‌లో ముగించాడు. రెండేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 13న మరీ దుస్సాహసం చేశాడు. అంతకుముందు పోటీ 154 పౌండ్ల విభాగంలో ఆడినవాడు, కనెలో అల్వారెజ్ కోసం ఏకంగా 168కి వెళ్లాడు. 14 పౌండ్లంటే ఆరు కిలోల పైమాట. వినడానికి తక్కువే. కానీ ఆ విభాగాలను విడదీసిందే ఆ బరువుతో దెబ్బలో తేడా వస్తుందని. లాస్ వేగాస్ స్టేడియంలో 70,482 మంది చూస్తుండగా జడ్జీలు 116-112, 115-113, 115-113తో ముగ్గురూ క్రాఫర్డ్‌కే ఇచ్చారు. డిసెంబర్‌లో 42-0తో ఆట ముగించాడు. సున్నాను దాచుకుని కాదు, రెండుసార్లు పణంగా పెట్టి గెలిచి ఇంటికి తీసుకెళ్లాడు.

బరువు ఆయుధంగా మారడం కనెలోకు కొత్త కాదు, ఒకప్పుడు దాని బాధితుడు అతనే. 2013లో 23 ఏళ్ల కనెలో మేవెదర్‌తో ఆడేందుకు 154 పౌండ్ల పోటీని 152కు దించడానికి ఒప్పుకున్నాడు. రెండంటే రెండు పౌండ్లు. కానీ అప్పటికే ఒంట్లో నీరు పిండుకుని 154కు దిగే శరీరానికి ఆ చివరి రెండు పౌండ్లే ప్రాణం తీస్తాయి. పైగా అవతల మేవెదర్. ఓడిపోయాడు.

వయసు విషయంలో అభిమానులే తమను తాము మోసం చేసుకుంటారు. 2024 నవంబర్ 15న టెక్సస్‌లో మైక్ టైసన్, జేక్ పాల్ పోటీని నెట్‌ఫ్లిక్స్‌లో 6 కోట్ల ఇళ్లు చూశాయి. ఒకరికి 58, ఒకరికి 27. రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లలో టైసన్ 97 పంచ్‌లు విసిరితే తగిలింది 18. అందులో మనం చూడాలనుకున్న టైసన్ 1988లోనే ఉండిపోయాడు. అతన్ని అక్కడి నుంచి తీసుకురావడం నెట్‌ఫ్లిక్స్ వల్ల కూడా కాదు.

అలా వేర్వేరు కాలాలవాళ్లను కలపడానికి ఒకసారి కంప్యూటర్‌తో నిజంగానే ప్రయత్నించారు. 1960ల చివర్లో ముర్రే వోరోనర్ అనే రేడియో నిర్మాత ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌కు పాత చాంపియన్ల లెక్కలు ఇచ్చి, అది చెప్పిన ఫలితాలను పోటీల్లా ప్రసారం చేశాడు. అందులో తాను జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు వినిపించేసరికి అలీ పరువునష్టం దావా వేశాడు. రాజీ ఎలా కుదిరిందంటే, దాదాపు 10 వేల డాలర్లు తీసుకుని అలీయే ఒక సినిమాలో నటించడానికి ఒప్పుకున్నాడు. సైన్యంలో చేరనన్నందుకు నిషేధంలో ఉండి సంపాదన లేని రోజులవి. ఎదుట 49-0తో రిటైరైన రాకీ మార్సియానో. అతనికి అప్పుడు 45 ఏళ్లు. ఈ సినిమా కోసం దాదాపు 50 పౌండ్లు తగ్గాడు, బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకున్నాడు. 1969లో మయామీలో ఒక్కో నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు నటించారు. రకరకాల ముగింపులు తీసి, ఏది వాడాలో కంప్యూటర్ లెక్కకు వదిలేశారు. ఆ ఆగస్టు 31న, తన 46వ పుట్టినరోజుకు ముందురోజు, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరి 20న దాదాపు 1,500 థియేటర్లలో బొమ్మ పడింది. అమెరికా ప్రతిలో పదమూడో రౌండ్‌లో మార్సియానో నాకౌట్ చేస్తాడు. లెక్కలిచ్చింది మనుషులే, యంత్రం గుణించిందంతే.

ఇప్పటికీ ఎక్కువగా వాదించుకునే కల అలీ, టైసన్‌లది. దీన్నయినా సరైన ఏళ్లలో కలపాలి. 1966 నవంబర్‌లో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండ్‌లో ఆపిన అలీ వయసు 24, రికార్డు 27-0. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడేసిన టైసన్ వయసు 21, రికార్డు 35-0. బరువులు దగ్గరే, 212, 218 పౌండ్ల చిల్లర. కానీ ఎత్తులో అలీ ఐదంగుళాలు పైన, చేతుల చాపులో ఏడంగుళాలు ముందు: 78కి 71.

టైసన్ అభిమానులు ఫ్రేజియర్‌ను చూపిస్తారు. ఫ్రేజియర్ కూడా పొట్టిగా వంగి వచ్చి ఎడమ హుక్ కొట్టే మనిషే, అలీని పడేశాడు కదా అని. నిజమే. కానీ ఆ అలీ మూడున్నరేళ్ల నిషేధం తర్వాత కాళ్ల వేగం కోల్పోయినవాడు. అలీ అభిమానులు బస్టర్ డగ్లస్‌ను చూపిస్తారు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో పందెంలో ఒకటికి 42 పలికిన డగ్లస్, ఆరడుగుల మూడంగుళాల పైచిలుకు మనిషి, పొడవాటి జాబ్‌తో టైసన్‌ను పదో రౌండ్‌లో ముగించాడు. అదీ నిజమే, కానీ ఆ టైసన్ కూడా 1988 నాటివాడు కాదు. ఇంకొందరు ట్రెవర్ బెర్బిక్‌ను మధ్యలోకి లాగుతారు. 1981లో అలీ చివరి పోటీలో ఓడించినవాడు, 1986లో టైసన్ రెండో రౌండ్‌లో పడేసినవాడు ఒకడే. కాబట్టి టైసనే గొప్ప అని. అప్పుడు అలీకి 39 ఏళ్లు. ఆ కూడిక చెల్లదు.

నన్నడిగితే చూడాల్సింది 1987. ఆ ఏడాది జేమ్స్ స్మిత్, టోనీ టక్కర్ ఇద్దరూ పొడవైన మనుషులు, ఇద్దరూ టైసన్‌తో పన్నెండు రౌండ్లూ నిలిచారు. ఇద్దరూ ఓడారు, కానీ పడలేదు. వాళ్లను పడేయలేనివాడు 24 ఏళ్ల అలీని పట్టుకోగలడా? మొదటి నాలుగు రౌండ్లు టైసన్‌వి. ఆరు దాటితే అలీవి. పాయింట్ల మీద అలీ.

2025 ఆఖరుకు, సమయానికి కుదురుతున్నట్టు కనిపించిన కల కోసం జపాన్ వైపు చూడాలి. 2025 మార్చిలో టోక్యోలో బాక్సింగ్ అవార్డుల వేదిక మీద నావోయా ఇనోవే తానే జుంటో నకతానిని ఉద్దేశించి, ఏడాదికి టోక్యో డోమ్‌లో తలపడదామన్నాడు. ఆ డిసెంబర్ 27న ఇద్దరూ రియాద్‌లో ఒకే రాత్రి గెలిచి 32-0 దగ్గర సమానంగా నిలిచారు. నకతాని మాత్రం ఇద్దరు జడ్జీల కార్డుల్లో 115-113తో బయటపడ్డాడు. అందులో ఒక్క రౌండ్ తిరగబడినా అది డ్రా కార్డే.

మనకు దగ్గరి కల వేరే ఉంది: మేరీ కోమ్, నిజామాబాద్ నిఖత్ జరీన్. అమెచ్యూర్ బాక్సింగ్‌లో సున్నాకు విలువ లేదు. ఏడాదికి ఎన్నో బౌట్లు, ఓటమి మామూలే. అక్కడ అడ్డుపడేది ఎంపిక. 2019 అక్టోబర్‌లో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీని పంపే మాట వచ్చినప్పుడు, 23 ఏళ్ల నిఖత్ క్రీడల మంత్రికి లేఖ రాసింది. అడిగింది ఒక్కటే, ట్రయల్ పెట్టమని. పెట్టారు. డిసెంబర్ 28న ఢిల్లీలో 51 కిలోల్లో మేరీ 9-1తో గెలిచింది. బౌట్ అయ్యాక చేయి కలపలేదు. అప్పటికి మేరీకి 37 ఏళ్లు, ఆరు ప్రపంచ స్వర్ణాలు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది, రెండు ఫైనళ్లూ 5-0.

అందుకే ఆ 9-1 ఎవరి సత్తాకూ కొలత కాదంటాను. ఒకరు దిగే మెట్టు మీద, ఒకరు ఎక్కే మెట్టు మీద కలిశారు. కలిపితే 2010లో బార్బడోస్‌లో 48 కిలోల స్వర్ణం గెలిచిన మేరీని, ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో గెలిచిన నిఖత్‌ను కలపాలి. మధ్యన 50 దగ్గర తూకం. ఇద్దరికీ న్యాయమే. తేలాల్సింది లెక్క పద్ధతి. 2010లో మహిళల బౌట్ రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు బటన్ నొక్కితేనే దెబ్బకు పాయింటు. విడిగా స్పష్టంగా కనబడే దెబ్బ లెక్కకెక్కుతుంది, గుంపుగా పడే దెబ్బలు, కడుపులో పడేవి సగం గాల్లో పోతాయి. కొట్టి వెనక్కి జారిపోయే మేరీకి ఇది పుట్టిల్లు. 2022లో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, రౌండ్‌కు పది పాయింట్లు, మొత్తం మీద ఎవరిది పైచేయి అని చూస్తారు. పొడవాటి చేతులతో నేరుగా కొట్టి, చివరి నిమిషంలో కూడా జోరు తగ్గని నిఖత్‌కు ఇది అనుకూలం.

పాత పద్ధతిలో అయితే నా ఓటు మేరీకి, రెండు మూడు పాయింట్ల తేడాతో. కొత్త పద్ధతిలో నిఖత్‌కు, 3-2. ఇంఫాల్‌లో మొదటి లెక్క చాలదంటారు, నిజామాబాద్‌లో రెండోది 5-0 అని దిద్దుతారు.